నీ పెరట్లో నా ఐస్‌క్రీం బండి

లొరేన్ అక్కా,

పెరట్లో నా ఐస్‌క్రీం బండి చూసి నువ్వు తిట్టే తిట్లు ఇక్కడికి వినపడుతున్నాయి. చెప్పకుండా పెట్టాను, తప్పే. చలికాలమంతా ఐస్‌క్రీం కొనే నాథుడు లేక కౌన్సిల్‌కు ఇంటిపన్ను కట్టలేదు. ఇప్పుడు జప్తు మనిషి తిరుగుతున్నాడు. నేను తలుపు తీయకపోతే లోపలికి రాలేడు గానీ, వీధిలో ఉన్న బండిని పట్టుకుపోగలడు. అది పోతే వచ్చే వేసవికి నాకు పనే లేదు.

నిన్న అతనొచ్చి తలుపు తడితే, తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి, "ఇంటాయన పోయాడండీ, నేను ఆయన చిలకని" అన్నాను.

"అలాగా చిలకగారూ, మీ పంజరం ఎంత చేస్తుందేంటి?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదక్కా. అప్పటినుంచి ఏ కారు ఆగినా కిటికీ దగ్గరికి పరిగెడుతున్నాను.

నీ దగ్గరికీ రావచ్చు. పాపం వానలో తడుస్తున్నాడని పిలిచి టీ ఇచ్చేవు, ఆ కబుర్లలో బండి సంగతి చెప్పేసేవు, జాగ్రత్త.

సోమవారం నాతో కౌన్సిల్ ఆఫీసుకు రా. వాయిదాల మీద కడతాడు, ఒప్పుకోండని నువ్వే అడుగు. మొన్న నేనే ఫోన్ చేసి అడిగాను. మధ్యలో నోరు ఊరుకోక వేళాకోళమాడితే అక్కడి ఆఫీసావిడ ఫోన్ పెట్టేసింది. ఈసారి నేను నోరు తెరిస్తే నా కాలు తొక్కు. గట్టిగా తొక్కు.

నీ తమ్ముడు