తడి పసుపు, మొండి కంప్యూటర్

దసరా తెల్లారి, రాత్రి

పొద్దున కంప్యూటర్ ఎన్నిసార్లు ఆన్ చేసినా మామూలుగ ఓపెనైతలేదు, ఏదో నీలం స్క్రీనే ఒస్తుంది. మా ఇంటామె పద్మ గీసిన చీరల డిజైన్లన్నీ అందులనే ఉన్నయి, ఇయ్యాలనే పోచంపల్లికి పంపాలె. పండుగని దిల్‌సుఖ్‌నగర్‌ల రిపేర్ దుకాణాలన్నీ బంద్.

"నువ్వే ఏదో చేసినవ్. పరాచికాలు ఆపి బాగుచెయ్," అన్నది.

"నీ మీద ఒట్టే, నేను ముట్టలే."

"ఎప్పుడూ పరాచికాలాడి గిట్లనే ఒట్లేస్తవ్." ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

పైన కిరాయికుండే విజయవాడ సారు ఒచ్చి, "ముందు కీబోర్డు పీకేసి ఆన్ చేయండి," అన్నడు. ఓపెనైంది! చూస్తే, నిన్న ఆయుధపూజల పద్మ కీబోర్డుకు పెట్టిన తడి పసుపు ఎండి, ఒక బటన్ నొక్కినట్టే అతుక్కపోయింది.

డిజైన్లు పంపినంక పద్మ నవ్వింది. నేను గూడ నవ్విన.

గని రేపు నాకు నిజంగనే ఛాతిల నొప్పొచ్చి పడిపోతే గూడ, "లే, ఏషాలు చాలు," అంటదేమో...