మూడో గీత

నాన్నకు నమస్కారం.

నేను క్షేమం. నువ్వు నమ్మవు కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను, క్షేమంగానే ఉన్నాను. అమ్మా, తమ్ముడూ, నీ మోకాలి నొప్పీ కులాసాగా ఉన్నాయని తలుస్తాను.

నువ్వు చేసిన ఘనకార్యం నిన్న తెలిసింది. కెప్టెన్ నన్ను తన గదికి పిలిచి, కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన సందేశం చేతిలో పెట్టారు. కుటుంబం కోరిక మేరకు ఈ కేడెట్‌ను, అంటే శిక్షణలో ఉన్న నన్ను, ఈ రేవులోనే దింపేయవచ్చట. ఒడ్డున ఆఫీసులో, సముద్ర పటాలు చూసే చార్టుల విభాగంలో నాకోసం కుర్చీ సిద్ధంగా ఉందట. కుటుంబం అంటే ఎవరు నాన్నా? అందులో నేను లేనా?

పోయిన ఉత్తరంలో నేను రాసింది రెండే ముక్కలు. నా పై అధికారి సెకండ్ మేట్‌తో మాటామాటా అయింది, ఆ రోజు నా చేతులు వణికాయి అని. దాన్ని పట్టుకుని పిల్ల జడుసుకుందని నువ్వు, జడుసుకోక ఏం చేస్తుందని అమ్మ. ఇద్దరికీ మాట కలిసింది. ఇంకేముంది, కంపెనీ ఆఫీసులో ఉన్న నీ పాత స్నేహితుడికి ఫోను. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. మా వంటాయన అన్నిట్లోనూ ఉప్పు తక్కువ వేసి, కావాలంటే కింద బోలెడుంది, ముంచుకోండి అంటాడు. నిద్ర రెండు విడతలు. కెప్టెన్ మంచివారేనా అన్నావు. మంచివారో కాదో చెప్పలేను, పని తెలిసినవారు. సెకండ్ మేట్‌తో గొడవ దేనికి అని అడిగావు. అది ఫోను చేయకముందు అడగాల్సిన ప్రశ్న. అయినా చెబుతాను, విను.

పట్టపగలు, పైన ఓడ నడిపే గదిలో ఉన్నాం, తీరం కళ్లముందే కనిపిస్తోంది. జీపీఎస్‌కి పొద్దుటి నుంచి పిచ్చెక్కి మా ఓడని ఎవరిదో పొలం మధ్యలో చూపిస్తోంది. అలాంటప్పుడు ఏం చేయాలో నాకు నేర్పింది నువ్వే, భోజనాల బల్ల మీద. ఉప్పు సీసా, నీళ్ల జగ్గు, అమ్మ కళ్లజోడు తలో మూలా పెట్టి, ఒక్కోదాన్నీ దిక్సూచితో చూసి, అది ఏ దిశలో ఉందో కాగితం మీద గీయమనేవాడివి. గీతలు కలిసిన చోటే మనం ఉన్నట్టు. రెండు చాలవా నాన్నా అంటే నవ్వేవాడివి. "రెండు గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయే. రెండూ తప్పైనా కలుస్తాయి. మూడోదే సాక్షి" అనేవాడివి.

నేను లైట్‌హౌస్, ఫ్యాక్టరీ పొగగొట్టం, గుట్ట మీది నీళ్ల ట్యాంకు, మూడింటినీ చూసి అంకెలు చెప్పాను. సెకండ్ మేట్ చార్టు మీద గీతలు గీశాడు. అతనికి ఓడలో రబ్బరు దొర అని పేరు. ఎందుకో నాకు కాసేపట్లోనే అర్థమైంది. గీతలు ఒకచోట కలవలేదు. మధ్యలో నా బొటనవేలు పట్టేంత త్రికోణం మిగిలింది.

"కళ్లెక్కడ పెట్టుకున్నావు? మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. అవే అంకెలు.

"సరే, ట్యాంకు గీత తీసెయ్. మిగతా రెండూ మనం అనుకున్న దారిలోనే కలిశాయిగా."

"అనుకున్నచోట కలవలేదని చెరిపేస్తే ఇంక చూడటం దేనికి సార్?"

"పాఠాలు నాకు చెప్పకు. రబ్బరు పట్టుకో."

పట్టుకున్నాను. చేతులు వణికింది అప్పుడే. లోతు చూపే యంత్రం వైపు తిరిగాను. అతను చెప్పిన చోటే ఉంటే కింద నలభై మీటర్ల నీళ్లుండాలి. అది పందొమ్మిది అంటోంది, చూస్తుండగానే పద్దెనిమిది అంది. రబ్బరు బల్ల మీద పెట్టేసి, ఫోనెత్తి కెప్టెన్‌ను పైకి రమ్మన్నాను.

"ఈ ఓడలో నీకు నూకలు చెల్లాయి" అన్నాడు సెకండ్ మేట్.

కెప్టెన్ వచ్చి లోతు చూశారు, లైట్‌హౌస్ ఎంత దూరంలో ఉందో రాడార్‌లో చూశారు, వెంటనే వేగం తగ్గించి ఓడని సముద్రం వైపు తిప్పించారు. ప్రవాహం మమ్మల్ని ఇసుక మేట మీదికి నెట్టుకుపోతోంది. ట్యాంకు నిజమే చెప్పింది. అబద్ధమాడింది పొగగొట్టం. చార్టులో ఉన్నదాన్ని ఎప్పుడో కూల్చేసి, అవతల కొత్తది కట్టారు. నేను చూసింది కొత్తదాన్ని.

"నన్నెవరు పిలిచారు?" అన్నారు కెప్టెన్.

"నేనే సార్."

"గీతలు మొదటిసారి కలవనప్పుడే పిలవాల్సింది."

మెచ్చుకోలో చీవాట్లో నువ్వే తేల్చుకో. నాకు మాత్రం ఆ పూట కడుపు నిండింది.

నిన్న నేను ఆ సందేశం పట్టుకుని బయటికి వస్తుంటే సెకండ్ మేట్ నడవలో ఎదురయ్యాడు. "నాన్నగారు ఇంటికి రమ్మంటున్నారటగా. మంచిదే" అన్నాడు. నూకలు చెల్లాయని అతను నోటితో అన్నాడు, అంతే. చేసి చూపించింది నువ్వు. ఇక్కడ దిగిపోతే ఓడలో పూర్తిచేయాల్సిన నా సముద్రం రోజుల లెక్క మధ్యలోనే తెగుతుంది, మేట్ పరీక్షకు కూర్చోనివ్వరు. సగం జీవితం ఓడల్లో గడిపినవాడివి, నీకు తెలియకనా?

ఒక మాట దాచాను. ఇప్పుడు చెబుతున్నాను. భయపడ్డాను. సముద్రానికి కాదు, అతనికీ కాదు. రబ్బరు చేతిలో ఉన్నప్పుడు, ఆ ఒక్క గీత తుడిచేస్తే గొడవ ఉండదని, చార్టు ముచ్చటగా ఉంటుందని, నన్నెవరూ ఒక్క మాట అనరని తెలిసింది. అది అంత తేలికైన పనని తెలిసి భయమేసింది.

మీరిద్దరూ ఆ తేలిక పనే చేశారు. నీ గీతా అమ్మ గీతా చక్కగా కలిశాయి, మీరు కోరుకున్నచోట, ఇంట్లో. మూడోదాన్ని నేను. చెరపకూడదని నేర్పినవాడివే చెరిపేశావు.

ఆ కుర్చీ నాకు వద్దని కెప్టెన్‌కు రాసిచ్చాను. రేపు ఓడ కదులుతుంది. నేను ఓడలోనే ఉంటాను.

ఇట్లు,
నీ కూతురు