మన వ్యానులో ఒక చలిరాత్రి

నువ్వు పరుపూ పొయ్యీ అమర్చిన మన వ్యాను ఈ చలికాలం మళ్లీ ఉట్నూరు దారి పట్టింది. నువ్వు పోయినప్పటి నుంచి అది ఇంటి ముందే నిలబడిపోయింది. అమ్మాలో, ఉంచుకోవాలో తేల్చుకోలేక, ఒక్క రాత్రి అందులో పడుకుని చూద్దామని బయలుదేరాను. మీ అవ్వ, అదే మా అత్తమ్మ, కూడా వస్తానంది, సుల్తానాబాద్ నుంచి వరిగడ్డీ గొంగడీ తెచ్చుకుని మరీ.

పొద్దుగూకగానే కుంపటి లోపలికి తేబోయింది. మూసిన బండిలో బొగ్గుల పొగ ప్రాణం తీస్తుందని ఆపాను.

"అయితే సలికి సావుమంటవా బిడ్డా? నీ సదువు కప్పుకుంటే ఎచ్చగుంటదా?"

నవ్వొచ్చింది. కుంపటి బయటే ఆర్పేసి, పరుపు కింద గడ్డి పరిచాం. కిటికీ వేలెడంత తెరిచి ఉంచాను. అదైనా సరైన పనో కాదో తెలియలేదు.

పడుకునేటప్పుడు అలవాటుగా నీ వైపు వదిలేసి, నేను రేకు గోడకు ఒదిగాను. అత్తమ్మ ఆ ఖాళీ చూసింది.

"గాడ వట్టిగ ఇడిస్తే సలి గాడికెల్లే వస్తది. జర జరుగు."

నా పక్కకు చేరి గొంగడి ఇద్దరి మీదికీ లాగింది. ఆమె పాదాలు చల్లగా తగిలితే నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. అవి వెచ్చబడేలోపే ఆమె గురక మొదలైంది. నాకూ నిద్రపట్టింది.

వ్యాను అమ్మడం లేదు. నీ చోటు మీ అవ్వకిచ్చాను, ఏమనుకోకు.