పని లేని రెండు డిస్కులు

వదినకి,

మీ నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో తోడుండమన్న మీ ఉత్తరం అందింది. తప్పకుండా వస్తాను. సోమవారం దాకా మాత్రం కదల్లేను. కంపెనీ సమాచారమంతా ఒకేచోట దాచడానికి ఎన్ని కంప్యూటర్ డిస్కులు కొనాలో తేల్చే పని నా నెత్తిన పడింది.

నలభై ఎనిమిదని రాస్తే మేనేజరు రెండు కొట్టేశాడు. "వీటి మీద ఒక్క అక్షరమైనా ఉండదటగా, మరెందుకయ్యా?" అన్నాడు. నిజమే, అవి ఖాళీగా తిరుగుతూనే ఉంటాయి. వేరే డిస్కు పాడైతే ఆ క్షణమే దాని పని అందుకుంటాయి. గంటసేపు వాదించి ఒప్పించాను. సీటుకి వచ్చాక ఎందుకో గెలిచినట్టే అనిపించలేదు.

అన్నయ్య కామెర్లకి వచ్చాను, మీ పురిటికి వచ్చాను. పోయిన నెల అటు పనిపడి, ఊరికే చూసిపోదామని మీ తలుపు తట్టాను. పాప నన్ను చూసి బెదిరిపోయి, "బాబాయ్, ఎవరికి బాగాలేదు?" అంది. మీరంతా నవ్వారు. నేనూ నవ్వి, మంచినీళ్లు తాగి వచ్చేశాను.

మంగళవారం పొద్దున్నే ఆసుపత్రిలో ఉంటాను. పెద్దాయన లేచి నడిచాక, ఎవరికీ ఏమీ కాని ఒక ఆదివారం చూసి నన్ను రమ్మనండి వదినా. పాప అడిగితే, అందరూ బాగానే ఉన్నారని చెప్పాలనుంది.

మీ మరిది