సార్ కారులో వెనక సీటు

జూన్ 9, సోమవారం
కారులో పోవడం మొదలై వారం. మా ల్యాబ్ ఇన్‌ఛార్జి ప్రభాకర్ సార్ కారు. ముందు సీట్లో ఆయన, ఆయన బ్యాగు. వెనక ల్యాబ్‌లో నాతో పనిచేసే మేరీ అక్క, నేను. అక్కది చిట్కుల్. నేను లక్డారం మలుపు దగ్గర ఎక్కుతాను.
మూడు ఆటోలు మారక్కర్లేదు. లారీల దుమ్ము లేదు, మీదికి జరిగే మోచేతులు లేవు. గుమ్మడిదలలో మా మందుల కంపెనీ దాకా ఏసీ. ఇస్త్రీ నలగకుండా దిగుతున్నాను.
అమ్మ పక్కింటామెతో — "మా బిడ్డ కారుల వోతది." రెండుసార్లు చెప్పింది.

జూన్ 11, బుధవారం
కంపెనీ గేటు ఇంకా దూరముండగానే సార్ నన్ను దిగమన్నాడు. నలుగురూ చూస్తే బాగుండదట. ఎవరికి బాగుండదో చెప్పలేదు. అక్కను దిగమనలేదు... అక్కకు పెళ్ళయింది. వానలో నడిచాను.

జూన్ 12
సార్ నిన్నటి జోకే మళ్ళీ చెప్పాడు. మళ్ళీ నవ్వాను. ఆటోలో నవ్వే పని లేదు.

జూన్ 17, మంగళవారం
ఇదివరకు పని అయ్యాక ఇంటికి. ఇప్పుడు కారు కదిలితే పని అయినట్టే.
మందుపొడి తూకం కాగితం అక్క నా ముందు పెట్టింది. తూచేటప్పుడు రెండో మనిషి పక్కన నిలబడి చూడాలి, చూశాకే సంతకం. నేనేమో కోటు విప్పి బ్యాగు సర్దుకుంటున్నాను. కింద నుంచి సార్ ఫోను — "జెర జల్దీ రాండ్రి, బండి స్టార్ట్ చేసిన."
"సూశినట్టే తియ్యి, పెట్టు" అంది అక్క.
పెట్టాను. కూర్చోకుండానే.

జూన్ 20, శుక్రవారం
ఆడిట్. తూకం యంత్రం అచ్చుకొట్టి ఇచ్చే చీటీ ఆ కాగితానికి లేదు. కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మా నాన్న ఇప్పటికీ వేలిముద్రే వేస్తాడు.
అన్నం తినేటప్పుడు అక్క మెల్లగా చెప్పింది. "తూకమే ఎయ్యలే. పాత అంకె ఏశిన. బండి పోతదని..."
ఏం జరిగిందో సోమవారం పదింటికల్లా ఆడిట్ వాళ్ళకు ఇద్దరం విడివిడిగా రాసివ్వాలి.

జూన్ 21, శనివారం
కారులో పాటలు లేవు. సార్ అద్దంలోంచి నన్ను చూశాడు. "సూశిన అని రాయి. చీటీ ఎక్కడ్నో వడిపోయిందని అక్క రాస్తది. అయిపోతది."
అక్క కిటికీ వైపు తిరిగి ఉంది. ఆమెది పదకొండేళ్ళ సర్వీసు. నాది ఏడు నెలలు.
ఆటో అయితే ఆపమని దిగేదాన్ని. ఇది ఆయన కారు.

జూన్ 22, ఆదివారం
పొద్దున, అక్క చర్చిలో ఉండే వేళ.
రాశాను. చించాను. చూశానంటే అబద్ధం మీద ఇంకో సంతకం. చూడలేదంటే నా తప్పు నేనే ఒప్పుకున్నట్టు. నా ఉద్యోగం పోవచ్చు. అక్కది తప్పక పోతుంది. అమ్మను అడగలేదు. అడిగితే సార్ మాట వినమంటుంది.
సాయంత్రం నాలుగు వాక్యాలు రాశాను. చూడలేదనే రాశాను.

జూన్ 23, సోమవారం
తొమ్మిదిన్నర. ల్యాబ్‌లోనే రాస్తున్నాను.
ఎక్కకూడదనుకునే మలుపు దగ్గర నిలబడ్డాను. కారు ఆగింది. అక్క తన బ్యాగు ఒళ్ళోకి తీసుకుని, జరిగి చోటిచ్చింది. ఎక్కాను.
"రాసినవా?" — సార్.
రాశానన్నాను. ఏం రాశానో అడగలేదు. అనుమానమే రాలేదు ఆయనకు. మంచిపిల్లవన్నాడు.
అక్క నా చెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.
కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.