సున్నాల పుస్తకం

చెల్లెమ్మకు, పెద్దన్నయ్య దీవెనలు.

మీ ఊరి నర్సమ్మ వచ్చి తలుపు తడుతుంటే నువ్వు లోపల దుప్పటి ముసుగేసుకుని, కోడలి చేత "అత్తయ్య నిద్రపోతోంది" అని చెప్పిస్తావా? ఒకసారి కాదు, రెండుసార్లు! పైగా ఘనకార్యం చేసినట్టు ఆ సంగతి నాకే రాస్తావా? "నువ్వు ప్రార్థన చేశావు, నాకు నయమైపోయింది, ఇంకా ఈ తూకాలూ తడమడాలూ ఎందుకన్నయ్యా" అన్నావు. అది చదివి వెంటనే కలం పట్టాను.

ఇక్కడ అంతా క్షేమం అని రాసేయడం నా అలవాటు. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను. నా ఒళ్ళు బాగానే ఉంది. బైండింగు షాపుకి వెళ్ళి వస్తున్నాను. మీ వదిన పోయి ఏడు వారాలైంది. ఆవిడ స్వెట్టరు ఇంకా రెండో కుర్చీ మీదే ఉంది. క్యాన్సరు మందులకి వేళ్ళు మొద్దుబారిపోయి గుండీ పట్టు దొరికేది కాదు ఆవిడకి. నేనే పెట్టేవాణ్ణి.

నువ్వడిగినవాటికి జవాబులు. నువ్వల్లిన టోపీ అందింది, పెట్టుకుంది కూడా. అద్దంలో చూసుకుని, "మీ చెల్లెలు కొలత నా తలకి తీసిందా, గుమ్మడికాయకి తీసిందా?" అని నవ్వింది. ఇక, వదిన చివర్లో బాధపడిందా అనడిగావు. దానికి ముందు ఒక పుస్తకం సంగతి చెప్పాలి.

మా ఇంటికొచ్చే నర్సమ్మ ప్రతి మంగళవారం నీలం సంచీతో దిగేది. బరువు చూసేది, టార్చి వేసి నోట్లో పుళ్ళున్నాయేమో చూసేది, పాదాల వాపు వేలితో నొక్కి చూసేది. తను రాని రోజుల కోసం ఒక పుస్తకం ఇచ్చింది. జ్వరం ఎంత, నొప్పి పదికి ఎంత, తిన్నదెంత అని రోజూ రాయాలి. పొద్దున్నే ఫోన్ చేసి అవే అడిగేది. ఆ పుస్తకం కుట్టు ఊడి వేలాడుతుంటే నా చెయ్యి ఊరుకుంటుందా? గట్టి అట్ట వేసి, వీపుకి గుడ్డ అంటించి బైండు చేశాను. "మా ఆఫీసులో ఏ పుస్తకానికీ ఇంత భోగం లేదు అయ్యగారూ" అని నర్సమ్మ మురిసిపోయింది.

మీ వదిన కలం పట్టలేదు కనక తను చెప్పేది, నేను రాసేవాణ్ణి.

"నొప్పి ఏడు" అనేది. నేను సున్నా వేసేవాణ్ణి.

"ఏడన్నాను కదండీ!"

"నోటితో ఒప్పుకుంటే రోగానికి కుర్చీ వేసినట్టే."

"అది ఎప్పుడో వచ్చి కూర్చుంది. మీరే చూడనట్టు మొహం తిప్పుకుంటున్నారు."

ఎందుకు వేశానంటావా? నేను ప్రసంగించే ప్రార్థన కూటంలో మైకు పట్టుకుని "నా భార్యకు స్వస్థత కలిగింది" అని చాటాను. జనం లేచి నిలబడ్డారు. అలా చాటినవాడి ఇంట్లో, వాడి చేతిరాతలోనే, ఏడు అని ఉంటే ఎలా?

ఒక మంగళవారం నర్సమ్మ పేజీలు తిప్పి, మంచం వైపు చూసి అంది. "అయ్యగారూ, ఈ పుస్తకంలో ఉన్నావిడ నాకంటే దిట్టంగా ఉంది. మరి మంచం మీదున్నావిడ ఎవరు?" వదిన్ని అడిగింది. వదిన నావంక చూసి, "ఆయన రాసిందే నిజం" అంది. తన నొప్పి మింగి నా పరువు నిలబెట్టింది, చెల్లెమ్మా. నర్సమ్మ వెళ్తూ వెళ్తూ నాకు వేలు చూపించి మరీ చెప్పింది: "ఈ మందులకి ఒంట్లో కాపలా పోతుంది. జ్వరం వస్తే ఆ గంటలోనే నాకు ఫోన్ రావాలి."

అందరికీ 'హఠాత్తుగా పోయింది' అని చెప్పాను. నీకూ అదే రాశాను. అబద్ధం. గురువారం పొద్దున ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు నూట రెండు చూపించింది. పుస్తకంలో 'జ్వరం లేదు' అని రాశాను. సిరా ఆరకముందే ఫోన్ మోగింది.

"జ్వరం ఉందా అయ్యగారూ?"

ఆవిడ గోడవైపు తిరిగి వణుకుతోంది. "లేదమ్మా, దేవుని కృప" అన్నాను. శుక్రవారం కూడా అదే మాట. పరిశుద్ధ గ్రంథం తెరుచుకుని మంచం పక్కనే మోకరించి ఉన్నాను, ఫోను చేతికందే దూరంలో ఉంది. శనివారం తన సెలవు రోజయినా, నా గొంతు నచ్చక, నర్సమ్మ చెప్పకుండా వచ్చేసింది. నుదుటి మీద చెయ్యి వేసింది. అంబులెన్సు పిలిచింది. సోమవారానికి మీ వదిన లేదు. "గురువారమే తెచ్చుంటే..." అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు.

బాధపడిందా అన్నావు. పడింది. ఎంతో రోజూ నాకు చెప్పింది. నేను రాయలేదు.

ఇప్పుడూ గ్రంథం ఒళ్ళోనే ఉంది. బడికి నాలుగేళ్ళే వెళ్ళినా, బైండింగు చేస్తూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాను. ఈ ఏడు వారాల్లో మళ్ళీ మొదట్నుంచీ వెతికాను. పుట పుటకీ మొర పెట్టినవాళ్ళే! నాకేం లేదు, హాయిగా ఉన్నానని చెప్పి బాగుపడ్డవాడు ఒక్కడంటే ఒక్కడు కనిపించలేదు. ఇన్నేళ్ళు అరిచి అరిచి ప్రసంగించినవాడికి ఇది ఎందుకు కనపడలేదో!

నీ ఉత్తరం అడుగున, మూలకి, చీమ అక్షరాలతో ఏం రాశావు? "నడుం కాస్త పట్టేసింది, బట్టలు పిండినందుకేలే." ఎప్పట్నుంచి? రొమ్ము క్యాన్సరుకి ఆపరేషనై ఇంకా రెండేళ్ళు కాలేదే నీకు! అది బట్టల వల్లో, ఆ రోగమే మళ్ళీ తిరగబెట్టో నాకు తెలీదు, నీకూ తెలీదు. తెలుసుకోగల మనిషి నీ గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళింది. నా ప్రార్థనని తలుపుకి గడియలా వెయ్యకు తల్లీ. నీకోసం చేస్తూనే ఉంటాను, కానీ నువ్వు తలుపు తీసి ఉంచు.

ఈ ఆదివారం కూటంలో నిలబడి ఇదంతా చెప్తాను. ఆ రోజు లేచి నిలబడ్డవాళ్ళే నన్ను వేదిక దింపేసినా సరే. ఆ జనంలో ఇంకెన్ని సున్నాలున్నాయో ఎవరికి తెలుసు? నీకు మాత్రం ఆదివారం దాకా ఆగకుండా రాస్తున్నాను.

ఉత్తరం మడవకు. నీకూ ఇలాంటి పుస్తకం ఇచ్చే ఉంటారు, దాని అట్ట లోపల మీ నర్సమ్మ నంబరు ఉంటుంది, ఇప్పుడే ఫోన్ చెయ్యి. నడుం నొప్పి పదికి ఎంత అని అడుగుతుంది. ఎంతుంటే అంత చెప్పు. సాయంత్రం కాదు, రేపు కాదు, కోడలి చేత కాదు. లే, నువ్వే చెయ్యి.

ఇట్లు,
ఏడుని సున్నా చేసిన
నీ పెద్దన్నయ్య