పాచికలు ఉంటాయి

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. మనిద్దరం తయారుచేసిన కార్ల పందెం ఆటలో పాచికలు తీసేస్తేనే పెట్టె మీద నీ పేరు వెయ్యమన్నావు. నేను తియ్యను.

ఉత్తరం అందగానే నువ్వు చెప్పినట్టే పాచికలు లేకుండా, ఎవరికి కావలసిన అంకె వాళ్లే ఎంచుకునే చీట్లతో కింది వాటా వాళ్లచేత ఆడించాను. లెక్కల మాస్టారు రెండో మలుపుకే అందకుండా పోయారు. "ఇంక నేనాడి ఏం లాభం, ఆయనే గెలుస్తారుగా" అని నర్సమ్మగారు లేచి వెళ్లిపోయారు. సరే అని మర్నాడు పాచికలు మాత్రమే పెట్టాను. ఈసారి మాస్టారు ఆవలించారు. "విసరడం తప్ప ఇందులో నేను చేసేదేముందమ్మా?" అన్నారు.

వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఇలా మార్చాను. రెండు పాచికలు వేసి, ఒక అంకె మన కారుకి తీసుకుని, రెండోది ఎదుటివాళ్లకి ఇవ్వాలి. మలుపులో నాలుగు కంటే పెద్ద అంకె వస్తే కారు బోల్తా పడుతుంది. వెనకబడి ఉన్న నర్సమ్మగారు సరిగ్గా మలుపు దగ్గర మాస్టారి చేతిలో ఆరు పెట్టారు. ఆయన పగలబడి నవ్వి, "ఇంకో ఆట వెయ్యండి" అన్నారు. ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి ఆలస్యంగా వెళ్లారు.

చిన్నప్పుడు నీతో ఆడటం ఎందుకు మానేశానో నువ్వెప్పుడూ అడగలేదు. ఓడిపోతానని కూర్చోకముందే తెలిసిపోయేది అన్నయ్యా.

శుక్రవారం ఆటని బొమ్మల కంపెనీకి పంపుతున్నాను. నీ పేరు వద్దంటే నా ఒక్కదాని పేరుతోనే వెళ్తుంది. ఈలోగా ఒకసారి రా, ఆడదాం. ఎవరు గెలుస్తారో ఈసారి నాకూ తెలీదు.

నీ చెల్లెలు